నెల రోజుల మొక్క - నిమిషం బొమ్మ



దాదాపు ముప్పయ్యేళ్ళ కిందటి ఒక పొరపాటును సరిదిద్దుకొనడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. 1996లో నేను మా బసంత్‌నగర్ పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుణ్ణి. ఎనిమిదవ తరగతిలో హరిశ్చంద్రుని కథ చెబుతున్నాను. కథ నడుమ పిల్లలకు కాస్త ఆటవిడుపుగా ఉంటుందని, హరిశ్చంద్రుని మీద మన దేశంలో తొలి కథాచిత్రం తీసిన దాదాసాహెబ్ ఫాల్కే ముచ్చట ఎత్తుకున్నాను. ఆయన సినిమాకు పెట్టుబడి కోసం తిరుగుతూ, ఒక కుండీలో బఠానీ గింజలు నాటి, దాని ముందు కెమెరా నిలిపి, రోజుకు ఒక్క చిత్రం చొప్పున నెల రోజులు తీశాడనీ, ఆ చిత్రాలను వరుసగా తిప్పితే మొక్క నిమిషంలో మొలకెత్తి పెరిగిందనీ, చూసినవారు ముక్కున వేలు వేసుకున్నారనీ రసవత్తరంగా చెప్పాను.

వెనుక బల్ల మీది నుంచి ఒక కుర్రవాడు లేచాడు. "సార్, దినానికి ఒక్క ఫోటో అయితే నెలకు ముప్పయ్యే గద! ముప్పై ఫోటోలతోని నిమిషం ఎట్ల నడుస్తది?" అన్నాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పే ధైర్యమూ ఆనాడు లేదు. "తెలుగు పాఠంలో లెక్కలెందుకురా?" అని గద్దించి, ఆ గంట పూర్తయ్యేదాకా వాణ్ణి బల్ల మీద నిలబెట్టాను. తరగతి నవ్వింది. నేను పాఠంలోకి వెళ్ళిపోయాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఉద్యోగ విరమణ తరువాత, తీరికా చేతిలో ఒక పాత ఫోనూ సమకూడినాక దాని అంతు చూద్దామనిపించింది.

కాలక్షేపం కాదు, కాలసంక్షేపం

ఈ విద్యను నేడు 'టైమ్ లాప్స్' అంటున్నారు. పండితుణ్ణి కనుక ఒక తెలుగు మాట కూర్చుకోకుండా ఉండలేకపోయాను. క్షేపమంటే విసిరివేయడం, కాలక్షేపమంటే కాలాన్ని పారవేయడం. సంక్షేపమంటే విడివిడిగా ఉన్నదాన్ని దగ్గరికి చేర్చి కుదించడం. కనుక ఇది కాలసంక్షేప చిత్రణం. మామూలు సినిమా ఒక క్షణాన్ని ఇరవైనాలుగు ముక్కలు చేసి, అదే వేగంతో మళ్ళీ చూపుతుంది. కాలసంక్షేపంలో ముక్కకూ ముక్కకూ మధ్య నిమిషాలో గంటలో విడిచిపెట్టి చిత్రాలు తీసి, వాటిని మామూలు సినిమా వేగంతో ఆడిస్తారు. విడిచిన కాలమంతా మాయమై, కంటికందని నిదానపు కదలిక కంటికందుతుంది.

మన పురాణాలకు ఈ ఊహ కొత్తది కాదు. భాగవత నవమ స్కంధంలో కకుద్మి అనే రైవతుడు కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని బ్రహ్మ సభకు వెళ్తాడు. అక్కడ గానం జరుగుతుంటే క్షణకాలం ఆగుతాడు. పాట ముగిశాక అడిగితే బ్రహ్మ నవ్వి, ఈలోగా భూమిపై ఇరవైయేడు చతుర్యుగాలు గడిచిపోయాయంటాడు. బ్రహ్మ ఆసనం మీద కూర్చుని చూస్తే రాజ్యాలన్నీ మొక్కల్లా మొలిచి వాడిపోయేవే. ఆ చూపు మనుష్యులకు దక్కినది మాత్రం నూటయాభై ఏళ్ళ కిందటే. ఆ కథలో మన తెలుగు నేలకూ కొంత పాలుంది.

గుంటూరు నుంచి నాగసాకి దాకా

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడడానికి ఫ్రాన్సు దేశం నుంచి జ్యూల్ జాన్సెన్ అనే ఖగోళవేత్త గుంటూరు వచ్చి విడిది చేశాడు. మేజర్ టెన్నెంట్ నాయకత్వంలోని ఆంగ్లేయ బృందం కూడా గుంటూరులోనే నిలిచి గ్రహణానికి ఛాయాచిత్రాలు తీసింది. జాన్సెన్ తన వర్ణపటదర్శినితో సూర్యుని అంచున ఎగసే జ్వాలలను పరిశీలించి, అవి వాయుమయమని గ్రహించాడు. అంతకంటె గొప్ప విషయం మరునాడు జరిగింది. గ్రహణం లేకపోయినా, పట్టపగలే ఆ జ్వాలల కాంతిరేఖలను పట్టుకోవచ్చని ఆయన గుంటూరులోనే కనిపెట్టాడు. గ్రహణం నాడు దొరికే నాలుగైదు నిమిషాల కోసం సంవత్సరాల తరబడి కాచుకోనక్కరలేదు. రోజూ చూడవచ్చు, నిన్నటిని నేటితో పోల్చవచ్చు.

ఆరేళ్ళ తరువాత, 1874 డిసెంబరు 9న, శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. బింబపు అంచును శుక్రుడు తాకే ఘడియను కచ్చితంగా పట్టుకోవాలి. కన్ను తడబడుతుంది, చేతిలో గడియారం చూసేలోపు క్షణం జారిపోతుంది. అందుకని జాన్సెన్ ఒక యంత్రం చేయించి జపానులోని నాగసాకికి తీసుకుపోయాడు. తుపాకీ గుండ్ల చక్రంలా తిరిగే పలక మీద, 72 సెకన్లలో 48 చిత్రాలు, అంటే సెకనున్నరకు ఒకటి చొప్పున, తానంతట తానే తీస్తుంది. మనిషి వేలితో మీట నొక్కకుండా, నిర్ణీత వ్యవధిలో వరుస చిత్రాలు తీసే యంత్రాలకు అది పూర్వీకురాలు. నేడు 'ఇంటర్‌వలోమీటర్' అని పిలిచే చిన్న పరికరం చేసే పని ఇదే.

అదే రోజున అదే శుక్రుణ్ణి విశాఖపట్నం దాబా గార్డెన్స్‌లోని తన వేధశాల నుంచి అంకితం వెంకట నరసింగరావు గారు దూరదర్శినితో చూసి, వేళలు గుర్తించి, లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి నివేదించారు. ఆ వేధశాల ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు నెలకొల్పినది. ఒకరు యంత్రంతో, ఒకరు కంటితో - ఇద్దరిదీ ఒకే తపన.

ఇక రోజూ చూడడమనే వ్రతాన్ని నిజంగా పట్టినది కొడైకెనాల్ సౌర వేధశాల. 1904 నుంచి, మబ్బు లేని ప్రతి రోజూ అక్కడ సూర్యునికి ఛాయాచిత్రం తీస్తూ వచ్చారు. తీసినవారికి అది కాలసంక్షేప చిత్రణమని తెలియదు, నిత్యవిధి మాత్రమే. ఆ గాజు పలకలను, ఫిల్ములను తరువాతి కాలంలో కంప్యూటర్లలోకి ఎక్కించాక, వరుసగా ఆడిస్తే సూర్యుని మచ్చలు పదకొండేళ్ళకొకసారి పెరగడం, తగ్గడం ఊపిరి పీల్చి వదిలినట్లు కనబడుతుంది. 1960లో ఆ వేధశాల బాధ్యత స్వీకరించిన వైణు బప్పు హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవాడు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. రోజూ ఒకే పనిని ఒకే తీరున చేయడం ఎంత విలువైనదో ఆ ఇంటివారికి చెప్పనక్కరలేదు.

బఠానీ మొక్క లెక్క

ఇప్పుడు ఫాల్కే దగ్గరకు వద్దాం. 1870లో త్ర్యంబకంలో పుట్టిన ఈయన చిత్రలేఖనం, ఛాయాచిత్రణం, అచ్చుపని అన్నీ నేర్చినవాడు. తన పేరును తిరగేసి 'ప్రొఫెసర్ కెల్ఫా' అని ఇంద్రజాలం కూడా ప్రదర్శించాడు. క్రీస్తు జీవితం మీది సినిమా చూసి, మన దేవతల కథలు ఇలా తీయాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదలతో రాత్రింబగళ్ళు సినిమాలు చూసి, పరిశోధించి, కొంతకాలం చూపే మందగించింది. 1912 ఫిబ్రవరిలో లండను వెళ్ళి, విలియమ్సన్ కెమెరా కొని, ఏప్రిల్‌లో తిరిగివచ్చాడు. డబ్బు పెట్టేవారిని నమ్మించడానికి తీసినదే బఠానీ మొక్క చిత్రం. అది చూశాక అప్పు పుట్టింది. భార్య సరస్వతీబాయి నగలు కూడా ఆ యజ్ఞంలో సమిధలయ్యాయి. 1913 మే 3న బొంబాయి కారొనేషన్ థియేటరులో 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది.

రోజుకు ఒక్క చిత్రం, నెల రోజులు, నిమిషం నిడివి - ఇదీ అందరూ చెప్పే కథ. లెక్క చూద్దాం. మూకీల కాలంలో సెకనుకు సుమారు 16 చిత్రాలు ఆడేవి. నిమిషానికి 960. రోజుకొక్కటి చొప్పున నెలకు వచ్చేవి 30. అవి ఆడేది రెండు సెకన్ల లోపే. కళ్ళు రెండుమార్లు ఆర్పేలోగా సినిమా అయిపోతుంది. వెనుక బల్ల కుర్రవాడు అడిగినది అక్షరాలా ఇదే.

నిమిషం సినిమా కావాలంటే రోజుకు 32 చిత్రాలుండాలి. ఆ కాలపు చేతి కెమెరాలో మరను ఒకసారి చుట్టు తిప్పితే 8 చిత్రాలు పడతాయి. సెకనుకు రెండు చుట్లు - అదే పదహారు. కనుక రోజుకు నాలుగు చుట్లు తిప్పితే 32 చిత్రాలు, నెలకు నిమిషం. 'రోజుకు ఒకసారి' తీశాడన్న మాట చేతులు మారుతూ 'రోజుకు ఒక్క చిత్రం' అయి ఉంటుందని నా ఊహ. లేదా రోజు పొడుగునా వేళ తప్పక చాలాసార్లు తీసి ఉండాలి. నేను చెప్పిన తీరున మాత్రం అది సాధ్యం కాదు.

ఈ పద్ధతి ఫాల్కేకు ముందే ఉంది. జర్మనీలో విల్‌హెల్మ్ ఫెఫర్ 1900 నాటికే మొక్కల కదలికలను ఇలా చిత్రించాడు. 1901లో న్యూయార్కులో స్టార్ థియేటరును కూలగొడుతుంటే, రోజుకు ఎనిమిది గంటలపాటు నాలుగు నిమిషాలకొక చిత్రం తీశారు. అంటే రోజుకు 120. ఇంగ్లండులో పెర్సీ స్మిత్ 1910లో పూలు విచ్చుకోవడం చూపించి ప్రజలను మురిపించాడు. మన జగదీశ్ చంద్ర బోస్ మరో దారి తొక్కాడు. ఆయన క్రెస్కోగ్రాఫ్ కాలాన్ని కుదించలేదు. మొక్క కదలికనే వేలరెట్లు పెంచి చూపింది. ఒకరు గడియారాన్ని మార్చారు, ఒకరు కొలబద్దను మార్చారు.

పాత ఫోనుతో నా ప్రయత్నం

ఒకప్పుడు ఈ పనికి ఖరీదైన కెమెరా, దానికి వ్యవధి యంత్రం కావలసి వచ్చేది. 2000ల చివరలో కేనన్ చిన్న కెమెరాలకు ఔత్సాహికులు తయారుచేసిన సీహెచ్‌డీకే అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ పని చవకలో సాధ్యమైంది. 2014 తరువాత చేతి ఫోన్లలోనే టైమ్ లాప్స్ అమరికలు మామూలయ్యాయి. నా కొడుకు పక్కన పడేసిన, అద్దం పగిలిన ఫోను నాకు కెమెరా అయింది. గోదావరిఖనిలో అయిదు వందల లోపు ధరకు ఫోను బిగించే చిన్న ముక్కాలిపీట కొన్నాను. కిరాణా దుకాణం బఠానీలు, ఒక పాత కుండీ, ఒక ఎల్‌ఈడీ బల్బు - ఇదే సామగ్రి. బఠానీకి చలి ఇష్టం గనుక డిసెంబరులో నాటాను.

మొదటి ప్రయత్నం చెడింది. ఎలా చెడిందో చెబితే కొత్తగా మొదలుపెట్టేవారికి మేలు.

ఒకటి, కిటికీ పక్కన పెట్టాను. మబ్బు వచ్చినప్పుడల్లా వెలుగు మారి, ఫోను దాన్ని సరిచేయబోయి, బొమ్మ అంతా దీపావళి మతాబులా మినుకుమినుకుమన్నది. వెలుగు, రంగు, ఫోకస్ - మూడింటినీ చేతితో ఒకచోట కట్టివేయాలి. ఫోను సొంత తెలివికి వదలరాదు.

రెండు, పదో రోజున మనుమడు నీళ్ళు పోయడానికి కుండీ జరిపాడు. సినిమాలో మొక్క ఒక్క గంతు వేసింది. కుండీ అడుగునా, ముక్కాలిపీట కాళ్ళ దగ్గరా సుద్దతో గుర్తు గీయాలి. గీతలుంటే జరిగినా మళ్ళీ అదే చోట పెట్టవచ్చు.

మూడు, ఫోను బ్యాటరీ చాలదు. ఛార్జరు తగిలించే ఉంచాలి, ఫోను వేడెక్కకుండా గాలి తగలనివ్వాలి. కరెంటు పోతే బల్బూ పోతుంది కనుక దానికి ఇన్వర్టరు అండ ఉండాలి.

రెండోసారి కిటికీ మూసిన గదిలో, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా బల్బు వెలిగించి, పది నిమిషాలకొక చిత్రం తీశాను. రాత్రి మొక్కకూ విశ్రాంతి కావాలి; ఆ చీకటి చిత్రాలను తరువాత తీసివేశాను. గంటకు 6, రోజుకు 96, ముప్పై రోజులకు 2,880. సెకనుకు 24 చొప్పున ఆడిస్తే సరిగ్గా రెండు నిమిషాలు. చిత్రం ఒకటి 2 మెగాబైట్లు అనుకున్నా మొత్తం ఆరు గిగాబైట్లు దాటలేదు. వరుస చిత్రాలను సినిమాగా కుట్టడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రాము చాలు. నాకు ఆ పని మనుమడు చేసిపెట్టాడు.

ఏ దృశ్యానికి ఎంత వ్యవధి అన్నది వెనుక నుంచి లెక్కించాలి. పది సెకన్ల సినిమాకు, సెకనుకు 25 చొప్పున, 250 చిత్రాలు కావాలి. గోదావరి మీద మబ్బుల పరుగుకు అయిదు సెకన్లకొకటి తీస్తే 1,250 సెకన్లు, అంటే ఇరవై ఒక్క నిమిషాలలో పని పూర్తి. కూడలిలో లారీల రాకపోకలకు సెకనుకో రెండు సెకన్లకో ఒకటి. మొక్కకు అయిదు నుంచి పదిహేను నిమిషాలు. కట్టడానికి రోజుకు కొన్నే చాలు.

వ్యవధి ఒట్టి లెక్క కాదనీ, అదే చూపు అనీ నాకు నులితీగలు నేర్పాయి. బఠానీ నులితీగ ఆధారం కోసం గాలిలో గుండ్రంగా తిరుగుతుంది. చుట్టుకు దాదాపు గంటన్నర పడుతుంది. ఈ తిరుగుడును డార్విన్ 1865లోనే ఓపికగా కనిపెట్టి వ్రాశాడు. పది నిమిషాలకొక చిత్రం తీశాను కనుక చుట్టుకు తొమ్మిది చిత్రాలు పడి, నా బొమ్మలో ఆ తీగ చీకటిలో గోడ తడిమే మనిషి చేయిలా తిరిగింది. నా చిత్రాల్లోంచి రోజుకు ఉదయం పది గంటలది ఒక్కటే ఏరి ఆడించి చూశాను. మొక్క పెరిగింది, కాని తిరగలేదు. ఆ తీగ వెతుకులాట సాంతం మాయమైంది. ఎంత ఎడంగా చూస్తే అంత అబద్ధం కాకపోయినా, అంత నిజం తప్పిపోతుంది.

రెండు సెకన్లలో ముగిసే ఆ ముప్పై చిత్రాల ముక్కను, ఒక్కో చిత్రాన్ని 32 మార్లు కలిపి నిమిషం చేసిన మరో ముక్కను కూడా సిద్ధం చేసుకున్నాను. రెండోది రెండు సెకన్లు నిలబడి, ఒక గంతు, మళ్ళీ నిలబడి, మళ్ళీ గంతు.

ప్రశ్న అడిగినవాని దగ్గరకు

ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై దాటింది. సింగరేణి ఓపెన్‌కాస్టులో పని. ఆచూకీ తీసి, మొదటి షిఫ్టు ముగిశాక ఇంటికి వెళ్ళాను. చాయ్ తాగుతూ నా ఫోనులో మూడు ముక్కలూ చూపించాను. "నాయనా, నువ్వు ఎనిమిదో తరగతిలో అడిగిన లెక్క ఇది. నీదే ఒప్పు. నాకు తెలియక నిన్ను నిలబెట్టాను," అన్నాను.

"యాదికుంది సార్. బల్ల మీద నిలబెట్టిండ్రు. అందరు నవ్విండ్రు," అన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనంలో నాకు దక్కవలసినది దక్కింది. తరువాత నులితీగ తిరిగే ముక్కను మళ్ళీ పెట్టమని అడిగి, పక్కన నిలిచిన కూతురికి చూపించాడు. ఆ పిల్ల ఆరో తరగతి. "తాతా, మధ్యలో పది నిమిషాలు చెట్టు ఏం చేస్తున్నదో మీకెట్ల తెలుసు?" అని అడిగింది.

ప్రశ్నలు వంశంలో వస్తాయి కాబోలు! ఈసారి గద్దించలేదు. "తెలియదమ్మా. తెలుసుకోవాలంటే ఇంకా దగ్గర దగ్గరగా తీయాలి," అన్నాను. ఆ జవాబు చెప్పడానికి నాకు ముప్పయ్యేళ్ళు పట్టింది.

వెళ్ళేటప్పుడు అతడు గుమ్మం దాకా వచ్చి, దూరంగా కనబడే మట్టి గుట్టను చూపించాడు. బొగ్గు పైనున్న మట్టినీ రాతినీ తవ్వి పోస్తే పెరిగిన గుట్ట అది. "నేను డ్యూటీల చేరినప్పుడు అది లేకుండె సార్. మేము రోజు చూస్తనే ఉంటిమి, ఎప్పుడు లేసిందో తెల్వది," అన్నాడు.

ఆ మాట దారి పొడుగునా నాతోనే వచ్చింది. మా ప్రాంతంలో కట్టడాలూ అంతే. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల రామగుండం బి థర్మల్ కేంద్రం 2024లో మూతపడింది. 1983లో తొలి యూనిట్ వెలిగించిన ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022 నాటికి వంద మెగావాట్ల సౌర పలకలు తేలుతున్నాయి. ఇవన్నీ మా కళ్ళ ముందే జరిగాయి. జరుగుతుండగా మేము చూడలేదు. రోజుకొక చిత్రం తీసినవాడెవడైనా ఉంటే మా ఊరి కథ కొన్ని నిమిషాల్లో పిల్లలకు చూపించేవాళ్ళం.

అందుకే గత నెల నుంచి మా మేడ మీద ఒక సుద్ద గీత గీసి ఉంది. రోజూ ఉదయం ఏడింటికి అక్కడ ముక్కాలిపీట నిలిపి, ఆకాశపుటంచున ఆ గుట్ట ఉన్న దిక్కుకు ఒక్క చిత్రం తీస్తున్నాను. ఏడాదికి 365, పదిహేను సెకన్ల సినిమా. నా వయసుకు మహా అయితే నిమిషమో రెండు నిమిషాలో కూడుతుంది. ఆ తరువాతి చిత్రాలు ఎవరు తీయాలో మనుమడికి గీత చూపించి చెప్పాను. మీ ఊళ్ళోనూ, మీ మేడ మీదా ఒక గీత గీయండి. పాత ఫోను చాలు.

స్వస్తి.